బల్బు ఆరేదాకా ఇంజను ఆగదు

ఇంజన్ బాబాయ్ గుసగుసలాడితే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడుతుంది. పుట్టుకతో వచ్చిన గొంతు కాదది. మీసాలు సరిగ్గా మొలవకముందే సినిమా హాలు వెనక జనరేటర్ షెడ్డులో పనికి కుదిరాడు. ఆ మోత పక్కన నిలబడీ నిలబడీ చెవులు సగం పోయాయి. తనకి వినపడనిది ఎదుటివాళ్ళకీ వినపడదని ఆయన గట్టి నమ్మకం. ఓసారి డాక్టరు గదిలో తలుపేసుకుని తన మొలల బాధ చెప్పుకుంటే, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళంతా విని, వెళ్ళేటప్పుడు తలా ఒక సలహా ఇచ్చి పంపారు.

సొంత పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరికీ గుర్తులేదు. సినిమా మంచి పట్టులో ఉండగా కరెంటు పోయేది. హాలంతా చీకటి, ఈలలు, బూతులు, పిల్లల ఏడుపులు. ఆ గోలలోంచి "బాబాయ్! ఇంజన్!" అని ఒకటే కేకలు. కాసేపటికి వెనకనించి దడదడమని మోత మొదలయ్యేది, తెర వెలిగేది, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లు హీరోకి కాదు, తనకేనని బాబాయ్ చెప్పుకునేవాడు. "అవునా? మరి అంత మోతలో ఆ చప్పట్లు నీకెలా వినపడ్డాయయ్యా?" అని ఆయన భార్య నవ్వేది. ఆయన బాబాయ్ కాబట్టి ఊరందరికీ ఆవిడ పిన్ని.

షెడ్డు సంగతి ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. ఇంజను నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు. గంట కొట్టినా, గొంతు చించుకున్నా లాభం లేదు. అందుకని షెడ్డు గోడకి బ్యాటరీతో వెలిగే ఒక ఎర్ర బల్బు పెట్టారు. దాని స్విచ్చి హాలు ముందువైపు మేనేజరు గదిలో ఉంది. టేబులు చెక్క కింద, కూర్చున్నవాడి కుడిచేతికి అందేలా, బయటికి కనపడకుండా. ఆ తీగ లాగింది బాబాయే. బల్బు వెలిగితే ఇంజను వెయ్యాలి, ఆరితే ఆపాలి. అంతే, ఇంకో మాట లేదు. కొత్తలో ఎవడో వచ్చి చేతులూపితే ఆపమంటున్నాడనుకుని ఆపేశాడు. తెర మీద విలన్ చావబోతున్నాడు అప్పుడు. జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఆ రోజు నించీ బాబాయ్‌ది ఒకటే పట్టు. మేనేజరు స్వయంగా వచ్చి భుజం పట్టి కుదిపినా ఆపేవాడు కాదు. "మనుషులు లక్ష చెబుతారు. నాకు బల్బు చెప్పాలి," అనేవాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. మిలటరీ వాళ్ళు హాలు తీసుకున్నారు. కుర్చీలు ఊడబీకి బయట పడేశారు. మేనేజరు గదిలో కల్నల్ సారు కూర్చున్నాడు. తెర వెనక పాత పోస్టర్లు, రీళ్ళ డబ్బాలు పెట్టుకునే గది ఉండేది. పట్టుకొచ్చిన ఖైదీలని అందులోకి తోసి ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఇంజనుతో పాటు బాబాయ్‌ని కూడా ఉంచుకున్నారు. ఇంజను ఆయన మాట తప్ప ఇంకెవరి మాటా వినదని వాళ్ళకీ రెండు రోజుల్లోనే తెలిసొచ్చింది.

ఆ హాలుకే చిన్నోడు కాపలా సిపాయిగా వచ్చాడు. చిన్నోడంటే బాబాయ్ అన్న కొడుకు. తల్లీ తండ్రీ లేరు. పిల్లల్లేని బాబాయ్, పిన్ని వాణ్ణి గుండెల మీద పెట్టుకుని పెంచారు. ఇప్పుడు గుమ్మంలో తలొంచుకుని లోపలికి రావాల్సినంత పొడుగైనా చిన్నోడు చిన్నోడే. తుపాకులు పేలే చోటికి పంపకుండా ఇంటిపక్క హాలుకి వేశారని పిన్ని ఎగిరి గంతేసింది. రోజూ రెండు క్యారేజీలు కట్టి పంపేది. ఒకటి షెడ్డుకి, ఒకటి కాపలా గదికి.

కొన్నాళ్ళకి పట్టపగలు బల్బు వెలగడం మొదలైంది. బాబాయ్ షెడ్డు కిటికీలోంచి చూశాడు. ఎదురుగా టీ కొట్టులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కరెంటు ఉంది. మరి ఇంజనెందుకు? అటుగా పోతున్న సిపాయిని అడిగితే "లైను రిపేరు" అన్నాడు. సరే అనుకుని వేశాడు. మర్నాడూ వెలిగింది. ఆ మర్నాడూ వెలిగింది. బాబాయ్ మళ్ళీ అడగలేదు. తెలీక కాదు. తెలీనట్టు ఉండటానికి చాలా కష్టపడ్డాడు, అదీ సంగతి. ఆయనొక్కడేనా? టీ కొట్టువాడు, ఇస్త్రీ బండివాడు, పైన మేడ మీద బట్టలు ఆరేసుకునే ఆవిడ, అందరూ ఆ మోత వెనక హాయిగా దాక్కున్నారు. "ఏంటి బాబాయ్, ఇవాళ మరీ ఎక్కువసేపు నడిచింది?" అని ఒక్కడు కూడా అడగలేదు. మామూలుగా అయితే వాళ్ళు ఆయన చొక్కా కొత్తదా పాతదా అని కూడా అడుగుతారు.

యుద్ధం అయిపోయింది. తెర వెనక గదిలో ఒకాయన చచ్చిపోయాడని, ఇంకొందరు కాళ్ళూ చేతులూ పనికిరాకుండా బయటపడ్డారని మెల్లగా పొక్కింది. ఆ ఖైదీల్లో అవతలి వైపు లారీ డ్రైవరు ఒకడు ప్రాణాలతో మిగిలి, వచ్చి నోరు విప్పాడు. విచారణ వేశారు. పట్టుకెళ్ళింది ఎవర్ని? చిన్నోణ్ణి. ఒక్కణ్ణే. కల్నల్ సారు మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు: "నేను ముందు గదిలో ఉండేవాణ్ణి. వెనక ఏం జరిగిందో నాకు తెలీదు. జనరేటర్ మోతలో ఏమీ వినపడేది కాదు. ఆ జనరేటర్ సంగతీ నాకు తెలీదు. కరెంటు పోతే ఆ ఆపరేటరే వేసుకునేవాడు, వస్తే ఆపుకునేవాడు."

పేపర్లో అది చదివి వినిపించింది పిన్ని. బాబాయ్ చేతిలో గ్లాసు కింద పెట్టి, "ఇంకోసారి చదువు," అన్నాడు. చదివింది. "కరెంటు పోతే నేనే వేసుకునేవాణ్ణా?" అన్నాడు. వీధంతా విన్నది.

సాయంత్రం కల్నల్ తరఫు వకీలు ఇంటికొచ్చాడు. మంచి మాటకారి. పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కుర్చీ అంచున కూర్చుని, నిదానంగా మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని సాక్షిగా పిలుస్తారు బాబాయ్‌గారూ. ఒక్కటే అడుగుతాను. ఇంజను నడిచిందా అని. నడిచింది అంటే చాలు. అబద్ధం ఆడమనడం లేదుగా?"

"మరి ఎవరు నడపమన్నారో?"

"అది నేనడగను. మీరు చెప్పక్కర్లేదు. కుర్రాడు తప్పు ఒప్పుకుంటున్నాడు. సారు పైన మాట్లాడతారు. చిన్న శిక్షతో బయటపడతాడు, మళ్ళీ ఉద్యోగం కూడా చూస్తారు. మీరు లేనిపోనివి కెలికారనుకోండి, గదిలో జరిగింది పూర్తిగా బయటికొస్తుంది. అప్పుడు ముందు మునిగేది మీవాడే."

వకీలు వెళ్ళాక పిన్ని తలుపు మూసి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఏమయ్యా, నీకు దణ్ణం పెడతాను. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఈ ఒక్కసారి నానబెట్టు. పిల్లాడు ఇంటికొస్తాడు."

"వాడు మనిషిని చంపాడే."

"వాడొక్కడే చంపాడా?"

"అదే నేనూ అంటున్నాను!"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాబాయ్‌కి ఏం చెయ్యాలో తోచక లేచి వెళ్ళి కుళాయి కట్టేశాడు. అది కారడం లేదు కూడా.

మర్నాడు చిన్నోణ్ణి చూడటానికి వెళ్ళాడు. మధ్యలో ఇనప జాలీ. వాడు బాగా చిక్కిపోయాడు. బాబాయ్ ముఖం చూడకుండా జాలీలో వేలు పెట్టి గీకుతున్నాడు.

"కొట్టావా?"

"మెల్లగా బాబాయ్, అందరూ వింటున్నారు."

"విననీ. కొట్టావా లేదా?"

"కొట్టాను."

"ఆ చచ్చిపోయినాయన్ని కూడా?"

చిన్నోడు తలూపాడు. బాబాయ్ చెయ్యి జాలీ దాటి వెళ్ళగలిగితే ఆ నిమిషం వాడి చెంప పగిలిపోయేది. చిన్నప్పుడు కుక్కపిల్లని కాలితో తన్నాడని ఒక పూట అన్నం పెట్టకుండా కూర్చోబెట్టాడు వీణ్ణి. ఆ పిల్లాడే వీడా అనుకున్నాడు.

"కల్నల్ కొట్టమన్నాడా?"

"కొట్టమని ఎప్పుడూ అనలేదు బాబాయ్. 'వీడు సాయంత్రానికల్లా మాట్లాడాలి' అనేవాడు. అని తన గదిలోకి పోయేవాడు. కాసేపటికి ఇంజను మొదలయ్యేది. అంటే ఇక కానివ్వండని మాకు తెలిసేది. వాడు మాట్లాడితే మాలో ఒకడు వెళ్ళి చెప్పొచ్చేవాడు. ఇంజను ఆగేది." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు ఏమీ చెప్పకు. సారు చూసుకుంటానన్నాడు."

బాబాయ్ నెత్తిన ఎవరో బండరాయి పెట్టినట్టు కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ తన ఇంజను ఆ అరుపుల్ని దాచేదనుకున్నాడు. అది వాళ్ళకి మొదలుపెట్టమని చెప్పేదని ఇప్పుడు తెలిసింది. తను హ్యాండిలు తిప్పిన ప్రతిసారీ తెర వెనక చిన్నోడు చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"సారు చూసుకుంటాడురా," అన్నాడు లేస్తూ. "బాగా చూసుకుంటాడు. నిన్ను అక్కడ పారేసి చేతులు దులుపుకుంటాడు. నీ తప్పు నువ్వు మొయ్యి. వద్దనను, నిన్ను విడిపించమని ఎవడి కాళ్ళూ పట్టుకోను. కానీ వాడి బరువు కూడా నీ నెత్తిన పెట్టుకుంటానంటే మాత్రం నేనూరుకోను."

విచారణ రోజు బాబాయ్ బోనెక్కాడు. జడ్జిగారు ఒక పెద్దావిడ, కళ్ళజోడు మీంచి చూసే మనిషి. వకీలు చెప్పినట్టే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ రోజుల్లో ఇంజను నడిచిందా?"

"నడిచింది. అయితే కరెంటు ఉండగానే..."

"అడిగినదానికే జవాబు చెప్పండి. మోత ఎక్కువేనా?"

"ఎక్కువే. కానీ అది వెయ్యమని..."

"అంతే, చాలు. దిగండి."

"దిగడమేంటయ్యా? నన్ను చెప్పనివ్వవేం?"

బంట్రోతు వచ్చి చెయ్యి పట్టుకుని దించేశాడు. బాబాయ్‌కి ఒళ్ళు మండిపోయింది. వకీలు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. గెలుస్తున్నవాడికి ఇంకాస్త గెలవాలనిపిస్తుంది కదా. జడ్జిగారు సినిమా హాలుకి స్వయంగా వచ్చి, ఇంజను నడుస్తుండగా ముందు గదిలో నిలబడి వినాలని అడిగాడు. వెనక గదిలో ఒక పోలీసు గొంతు చించుకుని అరుస్తాడు, అది ముందుకి వినపడుతుందో లేదో మీరే తేల్చండి అన్నాడు. జడ్జిగారు సరేనన్నారు. ఇంజను సిద్ధం చెయ్యమని బాబాయ్‌కి చెప్పారు. ఆయన "అలాగేనండి. ఎప్పుడూ ఎలా నడిపేవాణ్ణో అలాగే నడుపుతాను," అన్నాడు. మెల్లగా అన్నాడు. పిన్ని తల తిప్పి ఆయనకేసి చూసింది. పెళ్ళయినప్పట్నించీ ఆయన మెల్లగా మాట్లాడగా ఆవిడ వినలేదు.

బాబాయ్ ఇంజను తుడిచాడు, నూనె మార్చాడు, ఫిల్టరు కడిగాడు. షెడ్డులో బల్బు మాడిపోయి ఉంటే కొత్తది పెట్టాడు. మేనేజరు గదిలో టేబులు పాతచోటే ఉంది. దాని కింద చెయ్యి పెట్టి స్విచ్చి వేసి, షెడ్డుకెళ్ళి బల్బు వెలగడం చూసుకున్నాడు. అలాగే ఉంచేశాడు.

అందరూ వచ్చారు. వీధి వీధంతా హాలు ముందు గుమిగూడింది. ముందు గదిలో జడ్జిగారు, గుమాస్తా, వకీలు. ఒక గోడ పక్కన బేడీలతో చిన్నోడు, ఇంకో గోడ పక్కన చేతికర్ర మీద ఆనుకుని లారీ డ్రైవరు. వకీలు కల్నల్‌ని చూపించి, "మీరు ఆ రోజుల్లో ఎక్కడ కూర్చునేవారో అక్కడే కూర్చోండి సార్. అంతా యథాతథంగా ఉండాలి," అన్నాడు. కల్నల్ టేబులు వెనక తన పాత కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

బాబాయ్ షెడ్డుకి వెళ్ళి హ్యాండిలు తిప్పాడు. రెండు తిప్పులకే అందుకుంది. రేకులు అదిరాయి, నేల అదిరింది, పళ్ళు అదిరాయి. ఆయన ఎప్పట్లాగే చేతులు కట్టుకుని బల్బుకేసి నిలబడ్డాడు.

ముందు గదిలో వినాల్సింది వినుంటారు. అంటే ఏమీ వినుండరు. కాసేపటికి గుమాస్తా పరిగెత్తుకొచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి చాలు చాలన్నట్టు చేతులూపాడు. బాబాయ్ చూశాడు. మళ్ళీ బల్బుకేసి తిరిగాడు. గుమాస్తా దగ్గరికొచ్చి చెవిలో అరిచాడు. బాబాయ్ కదల్లేదు. గుమాస్తా భుజం పట్టి లాగాడు. బాబాయ్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. పాపం, ఆ గుమాస్తా మొహంలో ఏడుపొక్కటే తక్కువ. లోపల ముందు గదిలో ఎంత మోతగా ఉంటుందో బాబాయ్‌కి తెలుసు. ఉక్క, పొగ, తల పగిలిపోయేంత గోల. కల్నల్‌కి గోల పడదు. ఆయన గదిలో తలనొప్పి మాత్రల సీసా ఎప్పుడూ ఉండేదని చిన్నోడే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

'రా,' అనుకున్నాడు బాబాయ్. 'ఎంతసేపు కూర్చుంటావో కూర్చో. నాకు తొందర్లేదు. అలవాటైన చెయ్యి ఊరుకోదు.'

ఒకవేళ ఊరుకుంటే? చిన్నోడొక్కడే మిగిలిపోతాడు. ఇక సాక్ష్యం చెప్పడానికి తనని మళ్ళీ ఎవరూ పిలవరు. ఆయన బల్బునే చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు.

బల్బు ఆరింది.

బాబాయ్ ఇంజను ఆపాడు. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కూడా తీసుకోకుండా, గుమాస్తాని తోసుకుని, హాలు పొడుగునా నడిచి ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కడ అందరూ ఒకే చోటికి చూస్తున్నారు. కల్నల్ సారు కుడిచెయ్యి మోచేతి దాకా టేబులు చెక్క కింద ఉంది. బయటికి తీస్తే ఏమవుతుందో, తియ్యకపోతే ఏమవుతుందో తేల్చుకోలేక అలాగే ఉంచేశాడు. వకీలు మొహం మీద నెత్తుటి చుక్క లేదు. గోడ పక్కన లారీ డ్రైవరు పిడికిళ్ళు బిగించి ఉన్నాడు. అవి మెల్లగా విడిపోయాయి. అతను జారి నేల మీద కూర్చుండిపోయాడు. ఇంజను ఆగితే ఆ రోజుకి అయిపోయినట్టే, ఆ ఒళ్ళు ఇంకా మర్చిపోలేదు.

చిన్నోడు అతన్ని చూశాడు. చూసి తల తిప్పుకోలేదు.

"బల్బు ఆరింది," అన్నాడు బాబాయ్. "ఎవరార్పారు?"

జడ్జిగారు కళ్ళజోడు తీసి, "ఆ స్విచ్చి అక్కడుందని మీకెలా తెలుసు?" అని అడిగారు.

"గోల భరించలేక... ఏదో చేతికి తగిలింది," అన్నాడు కల్నల్.

"రోజూ సారే," అన్నాడు చిన్నోడు. "వెయ్యడమూ సారే, ఆపడమూ సారే. కొట్టింది మేము. ఆయన చచ్చిపోయిన రోజు చెయ్యి నాది. అది నేను కాదనను. నాకేం తగ్గించొద్దు. కానీ ఆ రోజు నేను ఈ గదికి వచ్చి 'సార్, వాడు కదలడం లేదు' అని చెప్పాను. అప్పుడు సారు ఇంజను ఆపారు."

"ఇన్నాళ్ళూ ఏమీ తెలీదన్నవాడికి ఎప్పుడు ఆపాలో ఎలా తెలిసిందండీ?" అన్నాడు బాబాయ్. ఆ గొంతుకి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. "వాడి పేరు రాసుకోండి, మావాడే, రాసుకోండి. నా పేరూ రాసుకోండి. కరెంటు ఉండగా ఇంజను ఎందుకని ఒక్కసారి అడిగి ఊరుకున్న వెధవని నేను. ఏం శిక్ష వేస్తారో వెయ్యండి. కానీ మా ఇద్దరి కంటే పైన ఆయన పేరు ఉండాలి. లేకపోతే నేనీ గదిలోంచి కదలను."

వకీలుకి అప్పటికి మాట వచ్చింది. "కొంచెం మెల్లగా మాట్లాడవయ్యా! బయట జనం ఉన్నారు!"

బాబాయ్ వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. ఎదురుగా టీ కొట్టువాడు, ఇస్త్రీ బండివాడు, మేడ మీద ఆవిడ. వాళ్ళ ముందు పిన్ని. ఆవిడ కొంగు నోటికి అడ్డం లేదు.

"మెల్లగా మాట్లాడను," అన్నాడు. "ఈ వీధికి ఏమీ వినపడకుండా ఇన్నాళ్ళూ చేసింది నేనే. ఇవాళ వినపడాలి. చిన్నోడా, మొదట్నించీ చెప్పు. గట్టిగా చెప్పు."

చిన్నోడు కిటికీ వైపు తిరిగి, మొదటి రోజు నించీ చెప్పడం మొదలుపెట్టాడు.